దయకీ చదువు కావాలి

"రేపట్నుంచి మూడు రోజులు నేను రానండీ అమ్మగారూ. పాకెట్టు పాలు తెప్పించుకోండి" అంది మా పాలావిడ, గిన్నెలో పాలు పోస్తూ.

పాలావిడ మూడు రోజులు రానంటే ఇల్లాలి గుండెల్లో ఎక్కడ రాయి పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అందులోనూ మావారికి పాకెట్టు పాల కాఫీ పడదు. పడదంటే ఒంటికి పడక కాదు. గ్లాసు ఖాళీ చేస్తూనే, తాగినంతసేపూ సణుగుతారు.

"ఏం, ఊరెళ్తున్నావా? మీవాళ్ళింట్లో పెళ్ళా?" అన్నాను.

"పెళ్ళి కాదండీ, ట్రైనింగు. పశువులాసుపత్రిలో పెడుతున్నారు. గొడ్డుకి ఏదన్నా అయితే డాక్టరుగారొచ్చేలోగా మనం ఏం చెయ్యాలో నేర్పుతారంట. ఫస్టెయిడంట."

వరండాలో పేపరు వెనకాలనుంచి మావారి గొంతు వినిపించింది. "పాలల్లో నీళ్ళు కలపడానికి ట్రైనింగు అక్కర్లేదుగా, ఇంకేం నేర్పుతార్ట?"

"అది మా అత్త ఎప్పుడో నేర్పేసిందిలెండి బాబుగారూ!" అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

నేనూ నవ్వేను. ఆమె పుట్టింది గేదెల మధ్య, మెట్టింది గేదెల మధ్య. ఆమెకు పశువుల సంగతి నేర్పడమంటే చేపపిల్లకి ఈత నేర్పడమే కదా అనుకున్నాను. కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. మనసులో ఎక్కడో, చాలా ఏళ్ళుగా నేను మూసిపెట్టిన తలుపు ఒకటి కిర్రుమంది.

* * *

అది 1974. నేను కాపురానికి వచ్చిన కొత్త. కృష్ణా జిల్లాలో మా అత్తవారి ఊరు. బస్సు దిగి మూడు మైళ్ళు బండిలో వెళ్ళాలి. ఇంట్లో మూడు గేదెలుండేవి. అందులో ఒక ముర్రాగేదె అంటే మా మామగారికి ప్రాణం. పూటకి ఎన్ని శేర్లిస్తుందో ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. వినేవాళ్ళు నమ్మకపోతే మజ్జిగ ఇప్పించి మరీ నమ్మించేవారు.

ఆ గేదె నాలుగో ఈత ఈనింది. పెయ్యదూడ. ఇల్లంతా పండగలా ఉంది. రెండో రోజు సాయంత్రం పొయ్యిమీద జున్ను ఉడుకుతోంది. బెల్లం, యాలకులు, మిరియాలు వేసి ఉడుకుతున్న జున్ను వాసన వీధి చివరిదాకా వెళ్ళిందని చుట్టుపక్కలవాళ్ళు అన్నారు. అప్పుడే పాలేరు పరుగున వచ్చాడు. గేదె తూలి పడిపోయిందనీ, లేవడం లేదనీ.

వెళ్ళి చూస్తే కాళ్ళు ముడుచుకుని కూలబడి ఉంది. మెడ తిప్పి డొక్కమీద వేసుకుంది. నిద్రపోతున్నట్టు కళ్ళు సగం మూసుకుంది. చెవులు పట్టుకుంటే మంచుముక్కల్లా చల్లగా ఉన్నాయి. దూడ అరుస్తున్నా చెవి కదపలేదు.

పశువుల డాక్టరు ఉండేది తాలూకా ఊళ్ళో. రాత్రిపూట కబురు వెళ్ళాలంటే సైకిలు తప్ప దారి లేదు. మా మామగారు ఒక మనిషిని పంపించారు. ఈలోగా చూస్తూ ఊరుకుంటామా? మా అత్తగారు పశువుల సంగతి బాగా తెలిసిన మనిషి. వాము, శొంఠి, మిరియాలు దంచి కషాయం కాచేరు. వెదురు గొట్టం తెచ్చేరు. గేదె నోరు తెరవడం లేదు. "అమ్మాయ్, నువ్వు తల పైకెత్తి గట్టిగా పట్టుకో" అన్నారు నాతో.

పట్టుకున్నాను. ఆ బరువు ఈనాటికీ నా చేతులకు జ్ఞాపకం. నాలుగు గొట్టాలు పోశారు. రెండోదానికే అది ఒకలాగ దగ్గింది. "దగ్గితే మంచిదే, లోపలికి పోతోంది" అన్నారెవరో. లోపలికే పోయింది పాపం. తెల్లవారుజామున ముక్కులోంచి కషాయం నురగతో కారింది. తెల్లారేసరికి గేదె లేదు.

డాక్టరుగారు పదిగంటలకు సైకిలు దిగేరు. ఒక్కసారి వంగి ముక్కు చూశారు. ఏం చేశారని అడిగేరు. చెప్పేం. ఆయన మంచివాడు, కోప్పడలేదు. "ఇది పాలజ్వరం. పేరుకి జ్వరమేగానీ ఒళ్ళు చల్లబడుతుంది. ఒంట్లో సున్నం తగ్గిపోతుంది. మింగే శక్తి ఉండదు. మింగలేనిదానికి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంకెప్పుడూ కూలబడిన పశువుకి గొట్టం పట్టకండి" అన్నారు మెల్లగా.

ఆయన వెళ్ళాక ఇంట్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి మా మామగారు, "దాని ఆయుష్షు అంతే" అన్నారు. మా అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మనం మంచికే చేశాం" అన్నారు.

మంచికే చేశాం. ఆ మాట పట్టుకుని నేను యాభై ఏళ్ళు గడిపేను.

* * *

మీరే చెప్పండి, మనసు మంచిదైతే చాలదా? చిన్నప్పటినుంచి మనకు చెప్పిందంతా అదే కదా. భగవంతుడు చూసేది మనసునే అంటారు. చేసింది మంచికోసమైతే ఫలితం మన చేతుల్లో లేదంటారు. నేను కాదనను. మా అత్తగారి మనసులో ఆ గేదెపట్ల ప్రేమ తప్ప ఇంకేమీ లేదని నేను ఏ గుళ్ళోనైనా ప్రమాణం చేసి చెప్పగలను. నా మనసులోనూ అంతే.

కానీ గేదెకి మన మనసుతో పనేముంది? దానికి కావలసింది గాలి. ఆ గాలి పోయే దారిలో మన ప్రేమే కషాయమై అడ్డం పడింది.

మూడు రోజుల ట్రైనింగు ముగిసి పాలావిడ నాలుగో రోజు వచ్చేసరికి నేను కాఫీ కలిపి ఉంచేను, ఆమెకు కూడా. గడప దగ్గర కూర్చోబెట్టి ఏం నేర్పేరో చెప్పమన్నాను. బడినుంచి వచ్చిన పిల్లని తల్లి అడిగినట్టు అడిగేను. ఆమె కూడా అలాగే చెప్పింది.

మొదటిరోజు థర్మామీటరు. "మనకి 101 ఉంటే జొరమని పడుకుంటాం గదండీ. గొడ్డుకి అదే మామూలంట. మన లెక్క దానికి పనికిరాదు" అంది. నేను తల ఊపేనుగానీ, ఆ మాట మధ్యాహ్నందాకా నన్ను వదల్లేదు. ఎదుటివాళ్ళ బాధని మన ఒంటితో కొలిచి చూడడమే దయ అని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. 'నీకైతే ఎలా ఉంటుంది?' అని పిల్లలకి నేర్పేదీ అదే. అక్కడితో ఆగిపోతే మాత్రం ఆరోగ్యంగా ఉన్న ఆవుకి జ్వరం మందు వేస్తాం. నీకెలా ఉంటుందన్నది మొదటి ప్రశ్న. దానికి ఎలా ఉంటుందన్నది రెండోది. రెండోదానికి జవాబు మన మనసులో దొరకదు, వెళ్ళి నేర్చుకోవాలి.

తరవాత ఎడమ డొక్క. నడుము ఎముక కింద గుంటలో పిడికిలి నొక్కిపెట్టి ఉంచితే, నిమిషానికి ఒకటి రెండుసార్లు లోపలినుంచి ఎవరో తోసినట్టు తెలుస్తుందిట. అలా తోస్తుంటే పొట్ట పనిచేస్తోందన్నమాట. ఆ గుంట పూడిపోయి డప్పులా ఉబ్బిందంటే ప్రమాదం. "నోరు లేని జీవం అంటామండీ, దాని నోరు డొక్కలో ఉందన్నారు మా డాక్టరమ్మ" అంది నవ్వుతూ.

ఆ తరవాత మందు పట్టించడం. నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

తల వీపుకన్నా పైకి ఎత్తకూడదు. నాలుక బయటికి లాగకూడదు. కొంచెం కొంచెంగా, మింగేదాకా ఆగి పొయ్యాలి. దగ్గిందంటే వెంటనే తల వదిలెయ్యాలి. పడుకుని లేవలేనిదానికీ, తెలివి లేనిదానికీ నోట్లో చుక్క పొయ్యకూడదు.

ఇంతే. నాలుగు మాటలు. చెప్పడానికి నిమిషం పట్టదు. ఆ నిమిషం 1974లో మా పెరట్లో ఎవరిదగ్గరా లేదు.

* * *

అయితే మా అత్తగారిని తప్పు పట్టడానికి నేనిదంతా రాయడం లేదు. ఆవిడకు తెలిసినవి ఈనాడు ఎంతమందికి తెలుసు? చెవులు వాల్చిన తీరు చూసి ఏ గేదె మేత మానేస్తుందో ముందురోజే చెప్పేవారు. అదే కషాయం, నిలబడి నెమరు వెయ్యని పశువుకి నెమ్మదిగా పట్టిస్తే గుణం ఇచ్చేదేమో కూడా. మందు కాదు తప్పు, వేళ తప్పు. ఆవిడకు అది చెప్పేవాళ్ళు లేరు. చెప్పే మనిషి పదిమైళ్ళ దూరంలో ఉన్నాడు.

తెలియకపోవడం పాపం కాదు. తెలుసుకునే దారి ఇంటిముందుకు వచ్చినా, 'మాకు తెలియనిదా' అని తలుపు వేసుకుంటే మాత్రం అది వేరే లెక్కలోకి వస్తుంది. పాలావిడ ట్రైనింగుకి వెళ్తానంటే మావారు వెక్కిరించారు, నేను నవ్వేను. ఆ నవ్వు ఏ లెక్కలోకి వస్తుందో నాకు తెలుసు.

ఆ మాటకొస్తే మన పురాణాల్లో ఈ సంగతి ఎప్పుడో ఉంది. అజ్ఞాతవాసంలో సహదేవుడు విరాటరాజు కొలువులో గోవుల కాపరిగా చేరాడు. నకులుడు గుర్రాలశాలలో చేరాడు. రాజు దగ్గరికి వెళ్ళి 'మాకు పశువులంటే ఎంతో జాలి' అని వాళ్ళు చెప్పుకోలేదు. తనకు గోవుల లక్షణాలు తెలుసునని, తన చేతికింద ఉన్న మందకి రోగం రాదని ఒకరు, గుర్రాల స్వభావమూ వాటి చికిత్సా తెలుసునని ఒకరు చెప్పుకున్నారు. జాలి ఉంటేనే కదా ఆ పని అడిగింది! రాజుకి చెప్పవలసింది తెలిసిన విద్య. రాజకుమారులకే అది అడుగుతే, మనకి అడగకూడదా?

మనకంటే ఇక్కడ గేదెలున్నవాళ్ళకనే కాదు. మన సంగతీ చూడండి. ఇంట్లో వ్రతమయ్యాక మిగిలిన అన్నం, పాయసం, బూరెలు పెద్ద పళ్ళెంలో పెట్టి వీధిలో ఆవుకి పెడతాం. కళ్ళకద్దుకుని మరీ పెడతాం. ఆవు కడుపు గడ్డి జీర్ణం చేసుకోవడానికి పుట్టింది. ఒక్కసారిగా అంత అన్నమూ తీపీ పడితే లోపల పులిసిపోయి ప్రాణంమీదికి వస్తుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఇలాంటి కేసులు ఎక్కువ వస్తాయని ట్రైనింగులో చెప్పారట. ఇక కూరగాయల తొక్కలు కవరులో ముడివేసి పారేస్తామా, ముడి విప్పుకోవడం ఆవుకి రాదు కనక కవరుతో సహా తింటుంది. పుణ్యం మన ఖాతాలో పడిందనుకుంటాం. కవరు దాని కడుపులో పడింది.

ఇంకో పాఠం విని నేను ఆశ్చర్యపోయాను. ఫస్టెయిడులో మొట్టమొదటి సూత్రం పశువు గురించి కాదట, మన గురించిట. ముందు నీ ప్రాణం చూసుకో, తరవాత దానిది.

"ఇదేం స్వార్థమమ్మా?" అన్నాను.

"నేనూ అదే అడిగానండీ" అంది. పొలంలో తెగిపడ్డ కరెంటు తీగమీద గేదె పడి కొట్టుకుంటుంటే, పరిగెత్తుకెళ్ళి పట్టుకున్న మనిషి కూడా పోతాడు. కరెంటు ఆపించేదాకా ఆగాలి. ఆవు చొంగ కారుస్తూ మింగలేక అవస్థపడుతుంటే గొంతులో మామిడిటెంకో, దుంపో అడ్డం పడిందనుకుని చాలామంది నోట్లో చెయ్యి పెడతారట. అది టెంక కాక రేబిస్ అయితే? పిచ్చికుక్క కరిచిన పశువు కూడా అలాగే మింగలేక చొంగ కారుస్తుంది. చేతిమీద చిన్న గీత ఉన్నా చాలు, ఆ చొంగతో జబ్బు మనిషికి రావచ్చు. వచ్చాక ఇక మందు లేదు. అందుకే ఉత్తచేత్తో నోరు ముట్టుకోవద్దన్నారు. కరిచినా, గీరినా, పుండుమీద చొంగ పడినా ధారగా పోసే నీళ్ళతో సబ్బు రాసి పావుగంటసేపు కడిగి, అదేరోజు టీకాకి వెళ్ళమన్నారు. కారం, కాఫీపొడి, సున్నం, ఆకుపసరు, ఇవేమీ రాయొద్దన్నారు. ఇది మాత్రం గేదెలు లేనివాళ్ళు కూడా వంటింటి గోడమీద రాసి పెట్టుకోవలసిన మాట.

స్వార్థం కాదని నాకు మెల్లగా బోధపడింది. కాపాడేవాడే పడిపోతే ఆ మూగజీవికి ఇక దిక్కెవరు? ఇంటిల్లిపాదికీ పెట్టి, మిగిలితే తినే అలవాటు మనది. ఆ అలవాటునే త్యాగమని పొగుడుకుని ఒంట్లో రక్తం లేక కూలబడుతుంటాం. ఈ సూత్రం మనబోటివాళ్ళకి కూడా ఎవరైనా క్లాసు పెట్టి చెబితే బాగుండును.

* * *

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ప్రథమ చికిత్స అంటే చికిత్సలో మొదటి మెట్టు మాత్రమే. అక్కడ ఆగడం తెలియాలి. 1984లో వచ్చిన పశువైద్య మండలి చట్టం కూడా ఈ గీత గీసింది. వైద్యం చెయ్యడం పట్టా ఉన్న డాక్టరు పని. టీకా వెయ్యడం, పుండుకి కట్టు కట్టడం లాంటి చిన్న పనులు ప్రభుత్వం అనుమతిచ్చిన మేరకు, తగిన సర్టిఫికెట్టు ఉన్నవాళ్ళు డాక్టరు పర్యవేక్షణలో చెయ్యవచ్చు. మన పల్లెల్లో గోపాలమిత్రలు వచ్చారు. కొన్ని రాష్ట్రాల్లో ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి పశుసఖులన్నారు. 2022లో కేంద్ర ప్రభుత్వం ఎ-హెల్ప్ అనే పేరుతో అలాంటి స్త్రీలనే డాక్టరుకీ రైతుకీ మధ్య వంతెనగా తయారుచేసే పని మొదలుపెట్టింది. ఈ లోకంలో గేదెకి కుడితి పెట్టేదీ, పేడ ఎత్తేదీ, పాలు పిండేదీ ఎక్కువగా ఆడదే కదా. దానికి ఒంట్లో బాగోలేదని మొదట కనిపెట్టేదీ ఆమే.

ఫోను కూడా ఉంది ఇప్పుడు. 1962కి చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది. తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2022లో ఈ బళ్ళు మొదలయ్యాయి. ఆ అంకె చూసినప్పుడల్లా నాకు రుక్మిణీదేవి అరండేల్ గుర్తొస్తారు. నాట్యానికి గౌరవం తెచ్చిన ఆ మహాతల్లే పార్లమెంటులో పశువులకోసం పోరాడితే, 1960లో జంతుహింస నిరోధక చట్టం వచ్చింది. 1962లో ఆవిడ ఆధ్వర్యంలో జంతు సంక్షేమ మండలి ఏర్పడింది. అయితే చట్టం చెప్పగలిగేది కొట్టొద్దని, బాధించొద్దని. ప్రేమతో పట్టుకున్న తల ఎంతవరకు ఎత్తాలో చట్టం చెప్పలేదు. అది ఎవరో ఒకరు చేత్తో పట్టి చూపించి నేర్పవలసిందే.

* * *

కిందటి కార్తీకంలో ఒక రాత్రి తొమ్మిదింటికి తలుపు కొట్టిన చప్పుడు. పాలావిడ.

"గోనెసంచులున్నాయా అమ్మగారూ? పాత దిండ్లున్నా సరే."

ఆమె గేదె ఈని అప్పటికి రెండు రోజులు. నాకు ఎందుకో చెప్పకుండానే తెలిసిపోయింది. నాలుగు సంచులు చంకలో పెట్టుకుని నేనూ ఆమె వెనకాలే వెళ్ళేను. మావారు టార్చి పట్టుకుని వచ్చేరు, ఏమీ సణక్కుండా.

అచ్చం అదే. కాళ్ళు ముడుచుకుని, మెడ డొక్కమీద వేసుకుని, చల్లబడ్డ చెవులతో. నా కాళ్ళు గడపలోనే ఆగిపోయాయి.

పాలావిడా, ఆమె కొడుకూ కలిసి గేదెని రొమ్ముమీద నిటారుగా కూర్చోబెట్టేరు. రెండువైపులా గడ్డి కూరిన సంచులు దట్టించేరు. పక్కకి ఒరిగితే కడుపు ఉబ్బి ఊపిరి ఆడదట. పైన గోనెపట్టా కప్పింది. డాక్టరుకి అప్పటికే ఫోను చేసింది. వేరే ఊళ్ళో ఉన్నానని, తెల్లారేలోగా వస్తానని, నోట్లో ఏమీ పొయ్యొద్దని ఆయన చెప్పాడు. ఆ తరవాత ఆమె గేదె తల దగ్గర నేలమీద కూర్చుంది. ఇక ఏమీ చెయ్యలేదు.

ఏమీ చెయ్యకపోవడం ఎంత కష్టమో ఆ రాత్రి చూశాను. చుట్టూ జనం చేరారు. ఒకరు కల్లుప్పు నీళ్ళు పట్టమన్నారు. ఒకరు నూనె అన్నారు. ఎవరిదో ఇంటినుంచి ఒక ముసలాయన కషాయం, వెదురు గొట్టం పట్టుకుని వచ్చేశాడు. ఆ గొట్టం చూడగానే నా చేతులు వణికాయి.

"మూగజీవం చస్తుంటే రాయిలా కూర్చున్నావేమే! మూడ్రోజుల చదువుకే డాక్టరువైపోయావా?" అన్నాడాయన. ఆయన కంట్లో నీళ్ళున్నాయి. మా అత్తగారి కంట్లో ఉన్నట్టే.

పాలావిడ లేచి ఆయన చేతిలో గొట్టం నెమ్మదిగా తీసుకుని గోడకి ఆనించింది. "ఏం చెయ్యాలో డాక్టరుగారికి తెలుసు తాతా. ఏం చెయ్యకూడదో నాకు తెలుసు. తెల్లార్లూ నా పని అదే" అంది.

రెండేసి గంటలకి ఒకసారి గేదెని ఒక తొంటిమీదనుంచి ఇంకో తొంటిమీదకి మార్చడం, జారిన సంచి సర్దడం, మళ్ళీ కూర్చోవడం. నేను కూడా అక్కడే ఒక పీటమీద కూర్చున్నాను. రాత్రి రెండింటికి జనమంతా పోయారు. ముసలాయన మాత్రం పోలేదు. ఆయన కూడా ఒక సంచికి ఆనుకుని కూర్చున్నాడు. దానివల్ల సంచి జారకుండా ఉంది.

నాలుగున్నరకి మోటారుసైకిలు చప్పుడైంది. కుర్ర డాక్టరు. మెడ నరంలోకి కాల్షియం సీసా ఎక్కిస్తూ, గుండెమీద స్టెతస్కోపు పెట్టి వింటూనే ఉన్నాడు. తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగిపోతుందట. అక్కడా నెమ్మదే. సీసా అయ్యేసరికి గేదె ఒళ్ళంతా సన్నగా వణికింది. త్రేన్చింది. పేడ వేసింది. పేడ చూసి అంత ఆనందపడడం నా జీవితంలో అదే మొదటిసారి. ఇంకో అరగంటకి ముందు వెనక కాళ్ళు, తరవాత ముందు కాళ్ళు ఎత్తి నిలబడి దూడకోసం అరిచింది.

ముసలాయన తన కషాయం గిన్నె ఎత్తుకుని, "డాక్టరుగారూ, ఇప్పుడు పట్టొచ్చా?" అన్నాడు. అందరం నవ్వేం.

* * *

కథ సుఖాంతం అయింది కనక పాలావిడ చేసింది ఒప్పయిందా? నన్ను నేను ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. డాక్టరు బండి దారిలో చెడిపోయి ఉంటే, గేదె పోయి ఉంటే, ఆ జనమంతా ఆమెను జన్మంతా రాయనే అనేవారు. అప్పుడు ఆమె చేసింది తప్పయ్యేదా?

కాదు. ఇక్కడ నాకు 1928లో సబర్మతీ ఆశ్రమంలో జరిగిన సంగతి గుర్తొస్తుంది. ఒక దూడ లేవలేక, పక్కకి తిరగలేక యాతన పడుతుంటే, వైద్యం తెలిసినవాళ్ళు వచ్చి చూసి ఇక లాభం లేదన్నారు. గాంధీగారు చాలా ఆలోచించి, డాక్టరు చేత సూది వేయించి దాని ప్రాణం తీయించారు. అహింస చెప్పే మనిషి గోహత్య చేయించాడని దేశమంతా గోలెత్తింది. ఆయన దాచలేదు, తనే పత్రికలో రాసి సమాధానం చెప్పుకున్నారు. ఆ పని ఒప్పో తప్పో ఈనాటికీ వాదించుకోవచ్చు. నాకు ఆశ్చర్యం ఏమిటంటే, చంపించిన మనిషి తలెత్తుకుని జవాబు చెప్పగలిగాడు. బతికించబోయిన నేను యాభై ఏళ్ళుగా చెప్పుకోలేకపోయాను. ఆయన అడిగి, తెలుసుకుని, ఆ తరవాత చేశాడు. నేను ప్రేమించాను, చేసేశాను.

మనసొక్కటే లెక్కయితే మా అత్తగారూ నేనూ నిర్దోషులం. ఫలితమొక్కటే లెక్కయితే అదృష్టవంతులందరూ పుణ్యాత్ములే. ఈ రెంటికీ మధ్య ఇంకొకటుంది. మన చేతిలో పడ్డ ప్రాణం గురించి తెలుసుకోగలిగినంతా తెలుసుకున్నామా, తెలియని చోట చెయ్యి ఆపుకున్నామా అన్నది. నోరున్నవాళ్ళయితే 'చాలు, ఆపు' అంటారు. నోరులేనిది అనలేదు. అందుకే దాని దగ్గర మన దయకి ఎక్కువ చదువు కావాలి.

ఇక మా అత్తగారి మాట. 'మంచికే చేశాం' అన్నది అబద్ధం కాదని ఇప్పుడు నాకు నెమ్మది చిక్కింది. ఆ వాక్యం సగమే. 'మంచికే చేశాం, ఈసారి తెలుసుకుని చేద్దాం' అంటే పూర్తవుతుంది. రెండో సగం చెప్పడానికి ఆవిడకు వీలు చిక్కలేదు. చెప్పవలసిన వంతు నాది.

ఆ మర్నాడు సాయంత్రం పాలావిడ వచ్చింది. చిన్న గ్లాసుడు జున్నుపాలు తెచ్చింది. నేను పెద్ద గిన్నె తీసుకుని వెళ్ళి తెల్లబోయాను.

"కొంచెమే తెచ్చానండీ అమ్మగారూ, ఏమనుకోకండి. ఉన్నవన్నీ పిండలేదు. పాలతోటే గదండీ దాని ఒంట్లో సున్నమంతా పోయేది. రెండ్రోజులు పొదుగులో కొంచెం వదలమన్నారు" అంది.

గ్లాసు అందుకున్నాను. బెల్లం వేసి పొయ్యిమీద పెట్టేను. 1974 తరవాత మా ఇంట్లో జున్ను వండడం అదే మొదటిసారి.